స్వీడన్ పల్లెలో బంధువుల ఇంటికి కొద్దిరోజుల సెలవుపై వచ్చేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో ఎల్మ్‌హుల్ట్, వెక్‌షో, యుంగ్‌బీ వంటి చిన్న పట్టణాల్లోనూ, వాటి చుట్టూ అడవుల మధ్య ఉన్న పల్లెల్లోనూ ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో తెలుగువారూ ఉన్నారు. ఐకియా మొదటి దుకాణం 1958లో వెలసిన ఊరు ఎల్మ్‌హుల్ట్. ఆ సంస్థ కార్యాలయాలు నేటికీ అక్కడ పెద్ద ఎత్తున ఉండడమే ఇందుకు ప్రధాన కారణం. వారి ఇళ్ళకు వారం, పది రోజులు లేదా రెండు వారాల కోసం వచ్చే తల్లిదండ్రులు, అక్కాచెల్లెళ్ళు, బావలు, వదినలు బయలుదేరే ముందు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

సెలవు పది రోజులే. అందులో స్టాక్‌హోం, పారిస్, స్విట్జర్లాండ్ కూడా కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు గానీ, కలుపుకోవద్దనే మా సలహా. రానుపోను ప్రయాణానికే రెండు మూడు రోజులు పోతాయి, దిగిన తరువాత ఒకటి రెండు రోజులు నిద్ర సర్దుకోవడానికి సరిపోతాయి. మిగిలిన ఐదారు రోజుల్లో మూడు దేశాలు తిరిగితే బంధువుల ఇల్లు సామాన్లు పెట్టుకునే గదిగా మిగులుతుంది. మీకోసం సెలవు పెట్టుకున్న మీ చెల్లెలు, మరిది ఆ రోజులన్నీ స్టేషన్‌కు దింపడంతోనూ ఎక్కించుకురావడంతోనూ గడుపుతారు. పల్లెకు రావడమంటే ఆ ఇంట్లో, ఆ తోటలో, ఆ చెరువు ఒడ్డున వారితో కలిసి ఉండడమే. నగరం చూడాలన్న కోరిక బలంగా ఉంటే, విమానం దిగేది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో కనుక, వచ్చేటప్పుడో వెళ్ళేటప్పుడో ఒక రోజు అక్కడ ఆగండి. స్టాక్‌హోంకు రైలులో ఒకవైపు ప్రయాణమే సగం రోజు తింటుంది. దానికి మరో సెలవు కేటాయించుకోవడం మేలు.

ఏ నెలలో రావడం మంచిది?

తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. స్వీడన్‌లో బడులు మూతపడేది దాదాపు అప్పుడే. అంటే మీ పిల్లలకు సెలవులున్నప్పుడు అక్కడి పిల్లలు బడిలో ఉంటారు, వారికి సెలవులు రాగానే మీ పిల్లలు బడికి వెళ్ళాలి. రెండు ఇళ్ళ పిల్లలూ కలిసి ఆడుకోవాలన్నదే ముఖ్యమైతే, మన బడి తెరిచిన తరువాత ఒక వారం మానిపించడమా, లేక మే చివరలో వచ్చి సాయంత్రాలతో సరిపెట్టుకోవడమా అన్నది ముందే ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలి. ఈ విషయాన్ని టికెట్లు కొన్నాక గుర్తించే కుటుంబాలే ఎక్కువ.

పిల్లల చదువు అడ్డం లేనివారికి జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు అనుకూలమైన కాలం. స్వీడన్ చట్టం ప్రకారం ఉద్యోగులకు ఏడాదికి కనీసం 25 రోజుల సెలవు ఉంటుంది, జూన్–ఆగస్టు నెలల్లో వరుసగా నాలుగు వారాలు తీసుకునే హక్కు కూడా ఉంది. అందుచేత జులైలో మీ బంధువులు నిజంగా ఇంటిపట్టున ఉండే అవకాశం ఎక్కువ. అయితే వారు తమ సెలవు తేదీలను వసంతంలోనే కార్యాలయంలో ఖాయం చేసుకుంటారు కాబట్టి, ఫిబ్రవరి, మార్చి నాటికే మీ తేదీలు చెప్పగలిగితే మంచిది. జూన్ 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారం మిడ్‌సొమ్మర్ పండుగ. ఆకులతో, పూలతో అలంకరించిన స్తంభం చుట్టూ ఊరంతా చేతులు పట్టుకుని ఆడతారు; పెద్దవాళ్ళు సైతం కప్పల్లా గెంతుతూ పాడే పాట ఒకటి ఉంది, మీరూ తప్పించుకోలేరు.

దసరా సెలవుల్లో వచ్చేవారికి ఆకులు రంగు మారిన అడవి, పుట్టగొడుగులు, చల్లని గాలి దొరుకుతాయి. డిసెంబరులో మాత్రం పగలు ఏడు గంటల ప్రాంతమే ఉంటుంది, మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు వాలిపోతుంది. మంచు పడుతుందన్న ఆశతో వచ్చేవారు ఒకటి గమనించాలి: స్మోలాండ్‌లో క్రిస్మస్‌కు మంచు ఉంటుందన్న హామీ లేదు, చాలాసార్లు వర్షమే పడుతుంది.

వీసా ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? విమానం దిగేది డెన్మార్క్‌లో కదా?

ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మీరు కోపెన్‌హాగెన్‌లో దిగినా, ఉండబోయేది స్వీడన్‌లో కనుక స్వీడన్ ద్వారానే షెంగెన్ వీసా (యూరప్‌లోని పలు దేశాలకు కలిపి చెల్లే వీసా) తీసుకోవాలి. రెండు దేశాలూ షెంగెన్ పరిధిలోనివే కాబట్టి ఆ వీసాతో డెన్మార్క్‌లో దిగడానికి ఇబ్బంది లేదు. ఏ 180 రోజుల కాలంలోనైనా గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల వరకూ పోవచ్చు. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్ళ లోపువారికి రుసుము లేదు. సేవా కేంద్రం వసూలు చేసే మొత్తం దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి.

బంధువుల ఇంటికి వచ్చేవారి దరఖాస్తులో కీలకమైనది ఆహ్వానం. స్వీడన్ వలస విభాగం వారి ఆహ్వాన పత్రాన్ని మీ బంధువు నింపి, సంతకం చేసి, పన్నుల శాఖ జనాభా రిజిస్టరు నుంచి ఇచ్చే ధ్రువపత్రంతో జతచేసి పంపాలి. మీకూ వారికీ ఉన్న బంధుత్వాన్ని చూపే పత్రాలు కూడా పెట్టండి. మన దగ్గర ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో వెనుక, ఇంకొక చోట పొడి అక్షరంగా ఉండడం మామూలే. పెళ్ళయిన ఆడవారి పత్రాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లుగా ఆహ్వానంలో రాయించి, తేడాకు కారణం ఒక చిన్న లేఖలో వివరించడం మేలు. తిరిగి వెళ్తారన్న నమ్మకం కలిగించేవి ఉద్యోగ సెలవు పత్రం, పింఛను కాగితాలు, పొలం పాసుపుస్తకం వంటివి.

2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టుపై ముద్ర వేసే బదులు వేలిముద్రలు, ఫొటో నమోదు చేసే కొత్త పద్ధతిని దశలవారీగా ప్రవేశపెట్టారు. దీనివల్ల క్యూలో కొంత ఆలస్యం కావచ్చని లెక్క వేసుకోండి.

హైదరాబాద్ నుంచి ఎల్మ్‌హుల్ట్‌కు ఎలా చేరుకోవాలి?

దుబాయి, దోహా లేదా ఏదైనా యూరప్ నగరంలో మారి కోపెన్‌హాగెన్‌లోని కాస్ట్రుప్ విమానాశ్రయానికి రావడం ఉత్తమం. స్టాక్‌హోంలో దిగితే స్మోలాండ్ చాలా దూరమవుతుంది. కాస్ట్రుప్‌లో విమానాశ్రయం కిందనే రైలు స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఓరెసుండ్ రైలు సముద్రం అడుగున సొరంగంలోనూ, ఆ తరువాత 2000లో ప్రారంభమైన ఓరెసుండ్ వంతెన మీదుగానూ మాల్మోకు చేరి, లుండ్, హెస్లెహోల్మ్ దాటి, రెండు గంటల ప్రాంతంలో ఎల్మ్‌హుల్ట్ చేరుస్తుంది. టికెట్ ఎక్కకముందే యంత్రం దగ్గరో ఫోన్‌లోనో కొనాలి, రైల్లో అమ్మరు. స్వీడన్ వైపు మొదటి స్టేషన్లలో పోలీసులు తనిఖీకి ఎక్కవచ్చు, కాబట్టి పాస్‌పోర్టును పెద్ద పెట్టె అడుగున దాచకండి.

స్టేషన్ నుంచి పల్లెలోని ఇంటికి బస్సు ఉన్నా, శని ఆదివారాల్లోనూ బడి సెలవుల్లోనూ అది చాలా తగ్గిపోతుంది. మీ బంధువు కారులో వస్తానంటే మొహమాటపడవద్దు, పల్లెల్లో అందరూ చేసే పనే అది. కాకపోతే నలుగురు మనుషులు, ఎనిమిది పెట్టెలు ఒక కారులో పట్టవు. పెట్టెల సంఖ్య ముందే చెప్పండి.

ఇంటి నుంచి ఏయే తినుబండారాలు తీసుకురావచ్చు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం, బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకురాకూడదు. అందువల్ల నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యలు కలిపిన మాంసం పొడుల వంటివి ఇంట్లోనే వదిలేయండి. ఇంట్లో కాచిన నెయ్యి అని చెప్పినా కస్టమ్స్ అధికారికి తేడా ఉండదు. నెయ్యి దట్టించిన పూతరేకులు, సున్నుండలు, మజ్జిగలో ఊరబెట్టిన మిరపకాయలు కూడా సందేహంలో పడేవే కాబట్టి తెచ్చుకోకపోవడమే క్షేమం. సున్నుండల పిండి తెచ్చుకుని అక్కడి వెన్న కాచి అక్కడే చుట్టుకోవచ్చు, స్వీడన్ వెన్న చాలా బాగుంటుంది.

తాజా కూరగాయలు, పండ్లు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అంటే మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు, గోంగూర కట్టలు కుదరవు. ఈ నియమం నుంచి మినహాయించిన పండ్లు ఐదే ఉన్నాయి: కొబ్బరికాయ, అరటిపండు, అనాస, ఖర్జూరం, దురియన్. వ్రతమో పూజో చేయించాలనుకునేవారికి కొబ్బరికాయ, అరటిపండు రెండూ ఆ జాబితాలో ఉండడం శుభవార్తే. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు కారం, సాంబారు పొడి, వడియాలు, అప్పడాలు, పాలు కలవని చక్కిలాలు, జంతికలు తెచ్చుకోవచ్చు. పచ్చడి సీసాకు మూత బిగించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, బట్టల మధ్యలో కాకుండా పెట్టె ఒక మూలన పెట్టండి. ఎండు చేపలకు 20 కిలోల వరకు అనుమతి ఉన్నా, తోటి ప్రయాణికుల మీద దయతో ఆలోచించండి.

బియ్యం, కందిపప్పు మోయవలసిన పని లేదు. బాస్మతి మామూలు దుకాణాల్లోనే దొరుకుతుంది, సోనామసూరి, చింతపండు మాల్మోలోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. పుల్లని ఫిల్‌మ్యోల్క్ మన మజ్జిగకు దగ్గరగా ఉంటుంది. పెరుగన్నానికి గట్టి టర్కిష్ యోగర్ట్ నయం.

శాకాహారులకు బయట ఇబ్బంది ఉంటుందా?

పట్టణాల్లో ఉండదు, దాదాపు ప్రతి హోటల్‌లోనూ శాకాహార వంటకం ఒకటి ఉంటుంది. పల్లె దారిలో మాత్రం ఫలహారశాలల్లో దొరికేది కాఫీ, దాల్చినచెక్క వేసిన బన్ను, జున్ను (చీజ్) పెట్టిన రొట్టె. కాఫీతో ఏదైనా తీపి తింటూ కూర్చునే ఫీకా వారికి దినచర్య కాబట్టి, భోజనం దొరక్కపోయినా ఫీకా దొరుకుతుంది. జున్నుల్లో కొన్నింటికి దూడ కడుపు నుంచి తీసిన ఎంజైము వాడతారు, జెల్లీ మిఠాయిల్లో తరచుగా జెలటిన్ ఉంటుంది. కచ్చితంగా పాటించేవారు డబ్బా మీది వివరాలు బంధువు చేత చదివించుకోవాలి. రోజంతా బయట గడిపేటప్పుడు పులిహోర డబ్బా వెంట ఉంటే ఏ చింతా లేదు. దారిపక్కన బల్లలు వేసిన విశ్రాంతి స్థలాలు ఎన్నో ఉన్నాయి, సొంత అన్నం విప్పుకుని తినడం అక్కడి వారికీ అలవాటే.

ఇంట్లో ఏ జాగ్రత్తలు పాటించాలి?

పల్లెల్లోని ఇళ్ళు ఎక్కువగా చెక్కతో కట్టినవి. చాలా ఇళ్ళకు పూసే ముదురు ఎరుపు రంగు ఫాలున్ రాగి గనిలో దొరికే ఖనిజం నుంచి తయారవుతుంది. ఇంట్లో పొగను పసిగట్టే పరికరాలు పైకప్పుకు బిగించి ఉంటాయి, అవి మంటను, మన పోపును వేరు చేయలేవు. ఎండుమిరపకాయలు, ఆవాలు నూనెలో వేయకముందే పొయ్యి పైనున్న ఫ్యాన్ పూర్తిగా పెట్టి, వంటింటి తలుపు మూసి, కిటికీ తెరవండి. అలారం మోగిందని దాని బ్యాటరీ తీసేయడం మాత్రం వద్దు, చెక్క ఇంట్లో దాని విలువ వేరు.

పట్టణం బయటి ఇళ్ళకు నీరు సొంత బోరు నుంచి వస్తుంది, మురుగునీరు తోటలో పాతిన తొట్టెలోకి పోతుంది. పంపునీరు నేరుగా తాగవచ్చు. కానీ గారెలు, పూరీలు వేయించిన నూనెను సింకులో పోస్తే ఆ తొట్టె, గొట్టాలు మూసుకుపోతాయి, బాగుచేయించడం చాలా ఖరీదు. నూనె చల్లారాక ఖాళీ పాల డబ్బాలో పోసి, బంధువు చూపిన చెత్తబుట్టలో వేయండి. వర్షాలు పడని వేసవిలో బోరులో నీరు తగ్గుతుంది కాబట్టి పొడుగు స్నానాలు, రోజూ బట్టల యంత్రం తగ్గించుకోవాలి.

అడగడానికి సిగ్గుపడే ప్రశ్న ఒకటుంది కనుక మేమే చెబుతున్నాము. మరుగుదొడ్లలో చాలా చోట్ల నీళ్ళ గొట్టం ఉండదు, స్నానాల గదిలో బకెట్టు, చెంబు ఉండవు. చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో వేసుకుంటే పెద్దవారికి హాయి.

జూన్, జులైల్లో రాత్రి పది వరకూ వెలుతురు ఉంటుంది, తెల్లవారుజామునే సూర్యుడు వస్తాడు. కిటికీకి మందపాటి తెర ఉందో లేదో మొదటి రాత్రే చూసుకోండి, లేకపోతే కళ్ళకు కట్టుకునే గుడ్డ సరిపోతుంది.

మా పిన్ని కూతురి భర్త స్వీడన్ అతను. ఆమె అత్తమామలు తమ వేసవి ఇంటికి పిలిచారు. ఎలా మసలుకోవాలి?

పిలుపు వచ్చిందంటే మీమీద మంచి అభిప్రాయం ఉన్నట్టే, తప్పకుండా వెళ్ళండి. వేసవి ఇల్లు అంటే సంపన్నుల బంగళా అనుకోవద్దు. చాలావరకు అవి తాతల నాటి చిన్న చెక్క ఇళ్ళు. కొన్నింట మరుగుదొడ్డి తోట చివర వేరుగా, నీటి సౌకర్యం లేకుండా ఉంటుంది, స్నానం అంటే చెరువులో మునకే. రాత్రి ఉండమంటే దుప్పటి, దిండు గలీబులు, తువ్వాళ్ళు మీవే తెచ్చుకోమని చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఇంటికి పిలిచి పక్కబట్టలు తెచ్చుకోమంటారా అని మనవాళ్ళు కొందరు నొచ్చుకుంటారు గానీ, అక్కడ అందులో చిన్నచూపు ఏమీ లేదు.

నాలుగు గంటలకు రమ్మంటే నాలుగు గంటలకే వెళ్ళాలి. అరగంట ముందు వెళ్ళినా ఇబ్బందే, ఆలస్యమైనా ఇబ్బందే. చెప్పులు గుమ్మంలో విప్పడం మనలాగే. వియ్యంకులైనా, ఎంత పెద్దవారైనా, వారిని పేరు పెట్టి పిలవడమే అక్కడి మర్యాద. మొదట నోరు రాకపోయినా ఒక పూటలో అలవాటవుతుంది. మీ అమ్మగారు మాత్రం మన పద్ధతిలోనే పలకరించినా ఎవరూ ఏమీ అనుకోరు. భోజనం అయ్యాక గిన్నెలు తీయడానికి, తుడవడానికి లేవండి. ఒద్దని ఒకసారి అంటారు, రెండోసారి అనరు. వారు ఒక్కసారే వడ్డిస్తారు, మారు వడ్డించుకోమని బతిమాలరు. ఆకలి తీరకపోతే మీరే అడిగి వేసుకోవాలి. బహుమతిగా పట్టుచీర, వెండి సామాను వంటి బరువైనవి ఇస్తే వారు మొహమాటంలో పడతారు. కొండపల్లి బొమ్మ, చేనేత టేబుల్ గుడ్డ, యాలకుల పొట్లం చాలు. స్వీడన్ వంటల్లో యాలకుల వాడకం బాగా ఉంది కాబట్టి ఆ పొట్లం నిజంగా పనికివస్తుంది.

డబ్బు ఎలా మార్చుకోవాలి? ఫోన్ సంగతి?

స్వీడన్‌లో యూరో చెల్లదు. 2003 ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలు దాన్ని కాదన్నారు, నేటికీ క్రోనాయే. నోట్లు మార్చుకోవలసిన అవసరం దాదాపు లేదు, బస్సులో నగదు తీసుకోరు, చాలా దుకాణాలూ అంతే. రెండు కార్డులు తెచ్చుకోండి. పల్లె సంతల్లో, ఇంటిముందు గుడ్లు, బంగాళాదుంపలు పెట్టి ఎవరూ కాపలా లేని బల్లల దగ్గర స్విష్ అనే ఫోన్ చెల్లింపు మాత్రమే ఉంటుంది. దానికి స్వీడన్ బ్యాంకు ఖాతా కావాలి కాబట్టి మీ బంధువు చెల్లించాలి. భారతీయ నంబరుకు కొద్దిరోజుల అంతర్జాతీయ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. అడవిలో కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు.

అడవిలో ఎక్కడికైనా వెళ్ళవచ్చంటారు. ఆ అడవి ఎవరిదో తెలియకుండానే?

అవును. ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కు స్వీడన్‌లో అందరికీ ఉంది, 1994 నుంచి రాజ్యాంగంలో దాని ప్రస్తావన కూడా చేరింది. విదేశీ అతిథికీ ఇది వర్తిస్తుంది. ప్రైవేటు అడవిలో నడవవచ్చు, చెరువులో ఈదవచ్చు, అడవి పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. ఇళ్ళ ఆవరణలోకి, తోటల్లోకి, పంట ఉన్న పొలాల్లోకి మాత్రం వెళ్ళకూడదు. పశువుల బీడు దాటితే గేటు మళ్ళీ మూయాలి, బతికున్న చెట్టు కొమ్మ విరవకూడదు. ఎండలు ముదిరినప్పుడు అడవిలో నిప్పు వెలిగించడంపై నిషేధం విధిస్తారు, ఆ రోజు నిషేధం ఉందో లేదో చూసుకోకుండా మొక్కజొన్న పొత్తులు కాల్చే కార్యక్రమం పెట్టుకోకండి. చేపలు పట్టడానికి సముద్ర తీరంలోనూ ఐదు పెద్ద సరస్సుల్లోనూ తప్ప మిగిలిన చోట్ల అనుమతి కార్డు కొనాలి. ఎల్మ్‌హుల్ట్ పక్కనున్న మొకెల్న్ సరస్సుకూ అది కావాలి.

బ్లూబెర్రీలు జులై, ఆగస్టు నెలల్లో మోకాలెత్తు కూడా లేని పొదల్లో దొరుకుతాయి. వంగి వంగి నడుము పట్టేస్తుంది, పిల్లలకు మాత్రం పండగ. వేళ్ళు, పెదవులు, చొక్కా అన్నీ నీలంగా మారతాయి, తెల్లబట్టలు తొడగవద్దు. ఎర్రని లింగాన్ పండ్లు ఆగస్టు చివర నుంచి వస్తాయి. పులుపూ వగరూ కలిసిన వాటిని చూసి వాక్కాయ తిన్నవారికి పప్పులో వేయాలనిపించడం సహజం. వేసి చూడండి, బాగుంటుంది. పుట్టగొడుగుల విషయంలో కఠినంగా ఉండాలి: విషపూరితమైనవి అక్కడ పక్కపక్కనే మొలుస్తాయి, ఏళ్ళుగా ఏరే మనిషి చూసి సరేనన్నదే వంటింట్లోకి రావాలి.

పురుగులు, జంతువుల భయం ఉందా?

ఎలుగుబంటి కన్నా భయపడవలసింది నువ్వుగింజంత పిడుదుకు. గడ్డిలో, పొదల్లో ఉండే ఈ పురుగు కుట్టడం వల్ల లైమ్ వ్యాధి, మెదడువాపు జ్వరం రావచ్చు. రెండోదానికి టీకా ఉంది గానీ డోసుల మధ్య వారాల ఎడం కావాలి కనుక చిన్న సెలవులో కుదరదు. పొడుగు ప్యాంటు వేసి, దాని అంచును మేజోళ్ళలోకి దోపి నడవండి. సాయంత్రం పిల్లల మోకాళ్ళ వెనుక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనుక, జుట్టు మొదళ్ళలో చూడండి. అంటుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. నూనె, కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు. ఎన్ని రోజులకో ఆ చోట ఎర్రని వలయం విస్తరిస్తే, అప్పటికి మీరు విజయవాడలో ఉన్నా సరే, డాక్టరుకు స్వీడన్‌లో పిడుదు కుట్టిన సంగతి చెప్పాలి. మనవైపు డాక్టర్లు ఆ జబ్బును అరుదుగా చూస్తారు.

అక్కడ కారు నడపవచ్చా?

భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకుంటే నడపవచ్చు. స్వీడన్ కూడా ఒకప్పుడు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడిచిన దేశం. 1967 సెప్టెంబరు 3న ఒక్క రోజులో కుడివైపుకు మారిపోయింది. మీకు ఆ మార్పు మొదటి కూడలిలోనే ఎదురవుతుంది కాబట్టి, మొదటి రోజు పల్లె దారిలో బంధువును పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. పగలు కూడా లైట్లు వెలిగి ఉండాలి. 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. రక్తంలో మద్యం పరిమితి 0.2 ప్రోమిల్ (వెయ్యికి 0.2 వంతు), అంటే ఆచరణలో ఒక్క గ్లాసు కూడా తాగకూడదనే అర్థం.

తెల్లవారుజామున, సంధ్యవేళ ఎల్గ్ అనే పెద్ద దుప్పి రోడ్డు దాటుతుంది. దాని కాళ్ళు పొడవు కనుక ఢీకొంటే బరువైన శరీరం నేరుగా అద్దం మీద పడుతుంది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట వేగం తగ్గించండి. ఒకటి దాటితే వెనుక దూడ ఉండవచ్చు. ఢీకొట్టినట్లయితే జంతువు పారిపోయినా సరే 112కు ఫోన్ చేసి పోలీసులకు తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి.

అమ్మానాన్నలకు పగలంతా ఏం తోస్తుంది?

నిజాయితీగా చెప్పాలంటే, మొదటి రెండు రోజులు తోచదు. వీధిలో మనిషి కనపడడు, పక్కింటివారు చేయి ఊపి లోపలికి వెళ్ళిపోతారు, కూరగాయల బండి రాదు, గుడి గంట వినపడదు. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో వస్తే ఆ నిశ్శబ్దం ఇంకా బరువుగా ఉంటుంది. అందుకే వారి సెలవుతో కలిసివచ్చే తేదీల విషయంలో పైన అంత పట్టుబట్టాము. తోటపని వారి చేతికి ఇవ్వండి. కొత్తిమీర, మెంతికూర వేసవిలో బాగా వస్తాయి. ప్రజా గ్రంథాలయం ఉచితం, వెచ్చగా ఉంటుంది. వారాంతాల్లో పాత సామాన్లు అమ్మే లొప్పిస్ అనే చిన్న సంతలు జరుగుతాయి, ఇత్తడి గిన్నెల దగ్గర మీ అమ్మగారిని కదిలించడం కష్టం. రోజూ ఒకే దారిలో నడిస్తే నాలుగో రోజుకు కుక్కతో నడిచే పెద్దాయన ఆగి పలకరిస్తాడు.

దగ్గరలో తప్పక చూడవలసినవి?

మా లెక్కలో మొదటిది రోస్‌హుల్ట్. ఎల్మ్‌హుల్ట్‌కు కొద్ది దూరంలోని ఈ చిన్న పల్లెలో 1707లో వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్ పుట్టాడు. గడ్డికప్పు ఇల్లు, పాతకాలపు పూలతోట, రాతిగోడల మధ్య పచ్చికబయళ్ళు తప్ప అక్కడ ఆర్భాటమేమీ లేదు. మన మామిడికి, చింతకు ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామాలు ఆయన 1753 నాటి గ్రంథంలోనివి. కరివేపాకు శాస్త్రీయ నామంలో కనపడే కోనిగ్ ఆయన శిష్యుడే. తమిళనాడు తీరాన తరంగంబాడిలో ఉన్న డెన్మార్క్ వారి స్థావరానికి వచ్చి, దక్షిణ భారతమంతా మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఈ సంగతి తెలిసి ఆ తోటలో తిరిగితే గోదావరి జిల్లాల వారికి ఆ చోటు పరాయిదిగా అనిపించదు.

ఎల్మ్‌హుల్ట్‌లోనే మొదటి ఐకియా దుకాణ భవనంలో 2016లో తెరిచిన మ్యూజియం వాన పడే రోజుకు పనికొస్తుంది. వెక్‌షోలోని వలసల మ్యూజియం మాకు మరింత ఇష్టం: పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1930 వరకు పదిలక్షలకు పైగా స్వీడన్ ప్రజలు అమెరికాకు వలస వెళ్ళారు, రాళ్ళు తప్ప పండని స్మోలాండ్ నుంచి మరీ ఎక్కువగా వెళ్ళారు. పొలాల్లో మీరు చూసే మైళ్ళ కొద్దీ రాతిగోడలు ఆ రైతులు దుక్కిలో ఏరిపోసినవే. పిల్లల్ని అమెరికా పంపిన తెలుగు తల్లిదండ్రులు ఆ మ్యూజియంలోని వలసదారుల పెట్టెల ముందు చాలాసేపు నిలబడతారు. గాజు పని చూడాలంటే 1742లో మొదలైన కోస్టా కర్మాగారం ఉంది. నడవగలిగినవారికి స్తూరె మొస్సె జాతీయ ఉద్యానంలో బురదనేల మీద పరిచిన చెక్క దారులు బాగుంటాయి. వీటిలో రెండు ఎంచుకుంటే చాలు.

పిల్లల్ని చెరువులో దింపవచ్చా?

దింపవచ్చు, కానీ పల్లె చెరువుల దగ్గర కాపలా ఈతగాళ్ళు ఉండరు. పైన గోరువెచ్చగా ఉన్న నీరు రెండడుగుల లోతున ఒక్కసారిగా చల్లబడుతుంది. అక్కడి పిల్లలకు చిన్నప్పటి నుంచి ఈత వస్తుంది, వారిని చూసి మన పిల్లలు చెక్క వంతెన మీద నుంచి దూకబోతారు. ఈత రాని పిల్లలకు వంతెన మీద కూడా లైఫ్ జాకెట్ తొడగండి, పెద్దవారు ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తూ ఉండండి.

ఒంట్లో బాగులేకపోతే?

ప్రాణాపాయమైతే 112. మామూలు సలహాకు 1177కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, ఇంగ్లిషులో అడగవచ్చు. పర్యాటకులు వైద్యానికి పూర్తి ధర చెల్లించాలి కాబట్టి బీమా పత్రం ఫోన్‌లోనూ కాగితంపైనా ఉంచుకోండి. చిన్న జ్వరానికి డాక్టరు దొరకడు, పారాసెటమాల్ వేసుకుని విశ్రాంతి తీసుకోమంటారు, యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా దొరకవు. బీపీ, షుగరు మందులు సెలవు రోజులకన్నా ఒక వారం ఎక్కువే, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలో తెచ్చుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ఏం చూసుకోవాలి?

కొన్నవాటిపై పన్ను వాపసు కోరేవారు వస్తువులు, రసీదులు కాస్ట్రుప్‌లో కస్టమ్స్ వారికి చూపవలసి రావచ్చు, అందువల్ల వాటిని పెట్టె అడుగున సర్దవద్దు. లింగాన్ జామ్, తేనె సీసాలు చేతిసంచిలో భద్రతా తనిఖీ దాటవు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. వేసవిలో రైలు పట్టాల మరమ్మతులు ఎక్కువగా జరుగుతాయి. కొన్ని వారాంతాల్లో రైలుకు బదులు బస్సులు నడిపి, ప్రయాణాన్ని గంటకు పైగా పొడిగిస్తారు. బయలుదేరే ముందురోజు సాయంత్రం సమయాలు మళ్ళీ చూసుకుని, మీకు అవసరమనిపించిన రైలు కన్నా ఒక రైలు ముందే ఎక్కండి.